మందు పోస్తే జన్యువు పలికింది సరే, రోగం తగ్గుతుందా?

టీబీ మందులు మొదలుపెట్టిన మనిషికి తొలిరోజే ఒక మాట చెప్పి పంపిస్తారు: మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడొద్దు. తిరుపతి రుయాలోనైనా, చిత్తూరు జిల్లాలో ఏ మూలనున్న పీహెచ్‌సీలోనైనా ఇదే మాట. ఆ రంగు రిఫాంపిసిన్ అనే మందుది. కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని గురించే అడుగుతారు. అదే మందు కాలేయంలో చేసే ఇంకో పని కంటికి కనిపించదు, కాబట్టి అడిగేవాళ్లు తక్కువ. గర్భం రాకుండా మాత్రలు వేసుకునే ఆమె రిఫాంపిసిన్ కూడా వాడితే ఆ మాత్రల్ని నమ్ముకోవడానికి లేదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకి మామూలు డోసు చాలదు. హెచ్‌ఐవీ కూడా ఉన్న టీబీ రోగికి డోలుటెగ్రావిర్ రోజుకి ఒకసారి బదులు రెండుసార్లు ఇవ్వాల్సి వస్తుంది.

రిఫాంపిసిన్ ఈ మందులతో నేరుగా ఏ గొడవా పెట్టుకోదు. అది కాలేయ కణంలోకి వెళ్లి పీఎక్స్‌ఆర్ అనే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. అతుక్కోగానే ఆ ప్రోటీన్ డీఎన్‌ఏ మీద కూర్చుని సీవైపీ3ఏ4 అనే జన్యువుని గట్టిగా పనిలోకి దింపుతుంది. ఆ జన్యువు నుంచి వచ్చే ఎంజైమ్ మనం మింగే మందుల్లో చాలావాటిని విరగ్గొట్టి బయటికి పంపేది. ఎంజైమ్ పెరిగితే మిగతా మందులు పనిచేసేలోపే ఒంట్లోంచి వెళ్లిపోతాయి. ఇదంతా ఒక్క పూటలో జరగదు, వారం పది రోజులు పడుతుంది. మందు ఆపేశాక సర్దుకోవడానికి దాదాపు 2 వారాలు కావాలి. టీబీ మందులు వాడుతున్న ఆడవాళ్లలో గర్భనిరోధక మాత్రలు విఫలమవుతున్నాయని 1970ల మొదట్లోనే గమనించారు. పీఎక్స్‌ఆర్ దొరికి అసలు కారణం తెలిసింది 1998లో.

బ్యాక్టీరియాని చంపడానికి వచ్చిన మందు మన జన్యువు ఒకదాన్ని పైకి లేపింది. ఒక మందు ఏ జన్యువుల్ని లేపుతుంది, వేటిని అణుస్తుంది అని కణాల మీద వేల మందుల్ని వరసబెట్టి చూడటం ఇప్పుడొక పెద్ద రంగం. దాని నుంచి వచ్చే వార్తలే మన ఫోన్లలోకి వేపాకు, పసుపు, అశ్వగంధ పేర్లతో చేరుతుంటాయి. ఈ పద్ధతి ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో విడదీసి చూడాలి. నా ఉద్దేశంలో, మందు కణంలో ఏ మీట నొక్కిందో కనిపెట్టడానికి ఇది బ్రహ్మాండమైన సాధనం. రోగం నయమవుతుందో లేదో చెప్పడంలో మాత్రం దీని మాట సగం కూడా నమ్మలేం. ఈ రెండూ కలిసిపోయిన చోటల్లా తలనొప్పి వచ్చింది.

ముందు అసలు కొలిచేదేమిటో చెప్పాలి. మనిషి కణంలో ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు దాదాపు 20,000. కాలేయ కణంలోనూ కంటి కణంలోనూ జన్యువులు అవే, పనిలో ఉన్నవే వేరు. పనిలో ఉన్న జన్యువు ఎంఆర్‌ఎన్‌ఏ అనే నకళ్లు తీస్తుంది, ఆ నకలు చూసి కణం ప్రోటీన్ తయారుచేస్తుంది. ఏ జన్యువుకి ఎన్ని నకళ్లు ఉన్నాయో లెక్కపెడితే అదే జీన్ ఎక్స్‌ప్రెషన్. ఒక్క సంగతి గుర్తుంటే చాలు: నకళ్లు పెరిగినంత మాత్రాన ప్రోటీన్ అంతే పెరగాలని లేదు, ప్రోటీన్ పెరిగినంత మాత్రాన అది పనిలో ఉండాలనీ లేదు.

ఈ కొలత మీద ఎవరికీ పెద్దగా తగాదా లేని చోటు మందుల భద్రత. కొత్త మందు మార్కెట్‌కి రావాలంటే, రిఫాంపిసిన్‌లాగా అది కూడా కాలేయ ఎంజైమ్‌ల జన్యువుల్ని లేపుతుందా అని కంపెనీ చూపించాలి. మందుల నియమాలు ఖరారు చేసే అంతర్జాతీయ వేదిక ఐసీహెచ్, 2024లో ఖరారు చేసిన ఎం12 మార్గదర్శకం ప్రకారం కనీసం 3 వేర్వేరు దాతల కాలేయ కణాల్లో పరీక్ష చెయ్యాలి. మందు మోతాదు పెరిగేకొద్దీ ఎంఆర్‌ఎన్‌ఏ పెరుగుతూ పోయి, ఒక్క దాత కణాల్లోనైనా 2 రెట్లు దాటితే అనుమానించాల్సిందే. పరీక్ష సరిగ్గా జరిగిందని రుజువుకి పక్కనే పెట్టిన కణాల మీద పోసే మందు ఏమిటనుకున్నారు? మన రిఫాంపిసినే. అది పోసినా జన్యువు లేవలేదంటే ఆ రోజు కణాలే బాగాలేవని అర్థం, ఆ లెక్కంతా పారేస్తారు.

ఎలుకల మీద చూస్తే సరిపోదా అంటే, సరిపోదు. రిఫాంపిసిన్ ఎలుక పీఎక్స్‌ఆర్‌ని దాదాపుగా కదిలించదు. ఎలుకలో ఆ పని చేసే పీసీఎన్ అనే స్టెరాయిడ్ మనిషిలో చెయ్యదు. ఒకే పేరున్న ప్రోటీనే, తాళంచెవులు వేరు. అందుకే మనిషి కణాలే కావాలి. మూలికలకీ ఇందులో మినహాయింపు లేదు. యూరప్‌లో దిగులుకి వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మొక్కలోని హైపర్‌ఫోరిన్ కూడా పీఎక్స్‌ఆర్‌ని లేపుతుంది. అవయవ మార్పిడి అయిన రోగులు ఆ మొక్క మందు సొంతంగా వేసుకుంటే రక్తంలో, తిరస్కరణని ఆపే మందు సైక్లోస్పోరిన్ పడిపోయి, పెట్టిన అవయవాన్ని ఒళ్లు తిరస్కరించిన సంఘటనలు 2000లో వైద్య పత్రికలకెక్కాయి. ఆయుర్వేద కాలేజీ, అల్లోపతి ఆసుపత్రులు పక్కపక్కనే ఉన్న మా తిరుపతిలాంటి ఊళ్లో ఒకే మనిషి పొద్దున చూర్ణం, రాత్రి మాత్ర వేసుకోవడం మామూలు. డాక్టరు అడిగినప్పుడు చూర్ణం సంగతి కూడా చెప్పాలనేది అందుకే.

ఇక్కడిదాకా ప్రశ్న ఒక్కటే, ఈ మందు ఫలానా జన్యువుని లేపుతుందా అని. 2004 ప్రాంతంలో అమెరికాలో బాస్టన్ పరిశోధకులు ప్రశ్నని తిరగేశారు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో తెల్లకణాలు ముదరకుండా పిందె దశలోనే ఆగిపోయి, అదే పనిగా పెరుగుతాయి. వాటిని ముదిరించే మందు కావాలి. ఏ ప్రోటీన్‌ని ఆపితే ముదురుతాయో తెలియదు. తెలియకపోతే పోయె, ముదిరిన కణం ఎలా ఉంటుందో తెలుసు కదా అనుకున్నారు. ముదిరిన కణానికీ పిందె కణానికీ తేడా చూపించే 5 జన్యువుల్ని ఎంచుకుని, హెచ్‌ఎల్-60 అనే లుకేమియా కణాల మీద 1,739 పదార్థాల్ని ప్రయోగించారు. ఆ 5 జన్యువుల్ని ముదిరిన కణంలో ఉన్నట్టు మార్చినవి 8 తేలాయి. మందు ఎక్కడ తగులుతుందో తెలియకుండానే మందుని వెతకొచ్చన్నది అప్పటికి కొత్త మాట.

2006లో బాస్టన్ పక్కనే ఉన్న కేంబ్రిడ్జ్‌లోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ దీన్ని ఇంకా పెద్దది చేసింది. పేరు కనెక్టివిటీ మ్యాప్. 164 పదార్థాల్ని కొన్ని క్యాన్సర్ సెల్ లైన్ల మీద, అంటే ల్యాబులో తరతరాలుగా పెంచుతున్న కణాల మీద పోసి, ఒక్కొక్కటి జన్యువులన్నిటినీ ఎలా కదిలించిందో కొలిచి, ఆ నమూనాలన్నీ ఒక చోట పెట్టింది. వాడే తీరు తేలికే. రోగి కణాల్లో ఏ జన్యువులు పెరిగాయో, ఏవి తగ్గాయో పట్టీ రాసుకోండి. దానికి సరిగ్గా తిరగబడ్డ నమూనా ఇచ్చిన మందు ఏదో వెతకండి, అది రోగాన్ని వెనక్కి తిప్పొచ్చు. లేదా కొత్త పదార్థం నమూనా తీసుకుని, తెలిసిన మందుల్లో దేన్ని పోలి ఉందో చూడండి, అదీ ఇదీ ఒకే మీట నొక్కుతుండొచ్చు. మొదటిది చికిత్సకి ఎర, రెండోది పనితీరుకి ఆచూకీ. గెలుపులు ఎక్కువగా రెండోదానివే.

ఇదంతా జరిగేది అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక మీద. దానిలో 16 వరసలు, 24 నిలువులు, మొత్తం 384 గుంటలు. ఒక్కో గుంటలో కొన్ని వేల కణాలు, ఒక చుక్కంత ఎర్రని ద్రవం. 37 డిగ్రీల దగ్గర, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో ఒక రోజు ఉంచితే కణాలు అడుక్కి అంటుకుని కుదురుకుంటాయి. అప్పుడు మందు పోస్తారు. మందులు చాలావరకు నీళ్లలో కరగవు కాబట్టి డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి పోస్తారు. కొన్ని గుంటల్లో మందు లేకుండా ఉత్త డీఎంఎస్‌ఓ పోస్తారు, పోల్చి చూడటానికి. 6 గంటలు గానీ 24 గంటలు గానీ ఆగి, కణాల్ని పగలగొట్టి ఎంఆర్‌ఎన్‌ఏని పట్టుకుంటారు. చెప్పడానికి ఇంతే. చేసేవాళ్ల తంటాలు వేరు. అంచు గుంటల్లో నీరు తొందరగా ఆవిరై కణాలు చిక్కబడ్డ ద్రవంలో ఉంటాయి, దాంతో వాటి జన్యువులు మందుతో సంబంధం లేకుండా మారిపోతాయి. సోమవారం చేసిన పలకకీ గురువారం చేసిన పలకకీ తేడా వస్తుంది. ఒక్కోసారి ఈ తేడా మందు తెచ్చే తేడాకన్నా ఎక్కువ. అందుకే ఒకే మందుని వేర్వేరు గుంటల్లో, వేర్వేరు పలకల మీద మళ్లీ మళ్లీ పోస్తారు. డీఎంఎస్‌ఓ గుంటల్ని పలకంతా చెదరగొట్టి పెడతారు.

ఖర్చు ఇంకో అడ్డం. 20,000 జన్యువుల్నీ ప్రతి గుంటలో కొలవాలంటే అప్పట్లో డబ్బు చాలేది కాదు. దానికి ఎల్1000 అనే పద్ధతి తెచ్చారు. జన్యువులు దేనికది విడిగా కదలవు, గుంపులుగా లేస్తాయి, గుంపులుగా పడతాయి. కాబట్టి 978 జన్యువుల్ని మాత్రమే కొలిచి మిగతావాటిని లెక్కతో ఊహిస్తారు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో చూసి, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో టీటీడీ వాళ్లు చెప్తారే, అలాగన్నమాట. ప్రతి భక్తుడినీ లెక్కపెట్టరు, అయినా అంచనా చాలా రోజులు సరిపోతుంది. కొన్ని రోజులు మాత్రం కంపార్ట్‌మెంట్లు అన్నే నిండినా టైము తప్పుతుంది. ఎల్1000లోనూ అంతే. ఊహించిన 11,350 జన్యువుల్లో దాదాపు 81 శాతం నమ్మదగ్గట్టు వస్తాయని వాళ్లే రాశారు. మీకు కావలసిన జన్యువు మిగతా 19 శాతంలో ఉంటే మీ ఖర్మ. ఒక్కో గుంటకి దాదాపు 2 డాలర్లకి ఖర్చు దిగింది. 2017లో వాళ్లు ప్రకటించిన నాటికి 13 లక్షలకి పైగా నమూనాలు, దాదాపు 20,000 రసాయనాలు లెక్కకెక్కాయి.

ఇప్పుడు వేప దగ్గరికి వద్దాం. వేప కుటుంబం చెట్లలో, మన వేపలోనూ, గెడునిన్ అనే చేదు పదార్థం ఉంది. 2006లోనే ప్రోస్టేట్ క్యాన్సర్ మీద ఒక వెతుకులాట జరిగింది. ఆ క్యాన్సర్ కణాలు పురుష హార్మోన్ సంకేతం మీద బతుకుతాయి. సంకేతం ఆగితే ఏ జన్యువులు పడతాయో, ఏవి లేస్తాయో ముందే పట్టీ రాసుకుని, ఎల్‌ఎన్‌క్యాప్ అనే కణాల మీద దాదాపు 2,500 పదార్థాల్ని చూశారు. పట్టీకి సరిపోయినవాటిలో గెడునిన్ ఒకటి, చైనా మూలిక ఒకదాంట్లోని సెలాస్ట్రాల్ ఇంకొకటి. హార్మోన్ సంకేతాన్ని ఇవి ఎలా ఆపుతున్నాయో ఎవరికీ తెలియదు. అప్పుడు వాటి నమూనాల్ని కనెక్టివిటీ మ్యాప్‌లో వేశారు. హెచ్‌ఎస్‌పీ90 అనే ప్రోటీన్‌ని ఆపే మందుల పక్కన వచ్చి కూర్చున్నాయి. హెచ్‌ఎస్‌పీ90 పని ఇతర ప్రోటీన్లని సరైన మడతలో నిలబెట్టడం. హార్మోన్‌ని అందుకునే ప్రోటీన్ దాని ఆసరా మీదే నిలబడుతుంది. ఆసరా తీస్తే అది కూలిపోతుంది. తర్వాత ప్రయోగశాలలో పరీక్షిస్తే నిజమేనని తేలింది. 2013లో ఇంకో బృందం, గెడునిన్ అసలు తగిలేది హెచ్‌ఎస్‌పీ90కి తోడుండే పీ23 అనే చిన్న ప్రోటీన్‌కని చూపించింది.

ఈ కథ నాకు ఎంతో ఇష్టం. మనం పళ్లు తోముకున్న చెట్టులోని పదార్థం ఏ మీట నొక్కుతుందో, ఆ మీట పేరు కూడా తెలియకుండా మొదలుపెట్టి పట్టుకున్నారు. అయితే ఇందులో వేపాకు నమిలితే క్యాన్సర్ రాదని ఎక్కడా లేదు. శుద్ధి చేసిన గెడునిన్, గాజు గిన్నెలోని కణాలు, వాటి మీద నేరుగా పోసిన మోతాదు, అంతే. నమిలిన ఆకులోంచి ఎంత గెడునిన్ పేగు దాటి, కాలేయం దాటి రక్తంలోకి వస్తుందన్నది వేరే ప్రశ్న. దానికి ఆ పలక దగ్గర సమాధానం లేదు.

సెలాస్ట్రాల్ కథ అక్కడితో ఆగలేదు. ఒళ్లు లావెక్కినవాళ్లలో, కడుపు నిండిందని మెదడుకి చెప్పే లెప్టిన్ హార్మోన్ బోలెడంత ఉంటుంది, మెదడే వినిపించుకోదు. మెదడుని వినేట్టు చేసే పదార్థాల నమూనాని కనెక్టివిటీ మ్యాప్‌లో వేస్తే మళ్లీ సెలాస్ట్రాలే పైకి వచ్చింది. 2015లో ఆ పరిశోధకులు దాన్ని లావు ఎలుకలకిస్తే బరువు 45 శాతం దాకా తగ్గింది. లెప్టిన్ లేకుండా పుట్టిన ఎలుకల్లో తగ్గలేదు. అంటే మీట అదేనని గట్టి రుజువు. ఆ తర్వాత సెలాస్ట్రాల్ నమూనాని పోలిన ఇంకో పదార్థం కోసం వెతికితే విథాఫెరిన్ ఎ దొరికింది. మన పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధలో ఉండేదే. 2016లో అదీ లావు ఎలుకల్లో పనిచేసింది. ఒక నమూనా నుంచి ఒక మందు, ఆ మందు నమూనా నుంచి ఇంకో మందు, గొలుసులాగా సాగింది. కానీ ఇవన్నీ ఎలుకలు, శుద్ధి చేసిన పదార్థం. బరువు తగ్గడానికి అశ్వగంధ డబ్బాలు కొనేవాళ్లు, ఆ మూలికతో కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా నమోదయ్యాయని తెలుసుకుని కొంటే మంచిది.

లేచింది మంచిది, పడింది చెడ్డది అని చదవడం ఇందులో అందరూ చేసే పొరపాటు. కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్ మాత్రల్ని చూడండి. అవి ఆపే ఎంజైమ్ పేరు హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్, కాలేయం కొలెస్ట్రాల్ తయారుచేసే దారిలో ముఖ్యమైన గేటు. స్టాటిన్‌ని కాలేయ కణాల మీద పోసి జన్యువుల్ని చూస్తే ఆ ఎంజైమ్ జన్యువు తగ్గదు, పెరుగుతుంది. చూసినవాళ్లు, ఈ మందు ఉల్టాగా పనిచేస్తోందే అనుకోవాలి. జరిగేదేమిటంటే, గేటు మూసేసరికి కణంలో కొలెస్ట్రాల్ పడిపోతుంది. కణం కంగారుపడి కొలెస్ట్రాల్‌కి సంబంధించిన జన్యువులన్నిటినీ లేపుతుంది. అలా లేచినవాటిలో ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్‌ని పట్టుకునే రిసెప్టర్ జన్యువు ఒకటి. ఆ రిసెప్టర్లు కాలేయం పైన ఎక్కువై రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లోపలికి లాగేస్తాయి. రిపోర్టులో అంకె తగ్గేది ప్రధానంగా ఇందువల్లే. ఈ రిసెప్టర్‌ని కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ వచ్చింది. కణం మందుకి ఎదురు తిరగడమే ఇక్కడ మందు. కంప్యూటర్‌కి పట్టీ మాత్రమే ఇచ్చి అడిగితే, ఇది మందు దెబ్బా, దెబ్బకి కణం ఇచ్చిన జవాబా అని అది చెప్పలేదు.

కణాల సంగతి ఇంకా చెప్పాలి. ఈ పరీక్షల్లో విపరీతంగా వాడే ఎంసీఎఫ్-7 కణాలు 1970లో అమెరికాలో ఒక క్రైస్తవ సన్యాసిని రొమ్ము క్యాన్సర్ నుంచి తీసినవి. అప్పటి నుంచి ప్రపంచమంతా చేతులు మారుతూ పెరుగుతూనే ఉన్నాయి, పెరుగుతూ మారుతూనే ఉన్నాయి. 2018లో 27 రకాల ఎంసీఎఫ్-7ని పక్కపక్కన పెట్టి 321 క్యాన్సర్ మందులు పోసి చూశారు. కొన్ని రకాల్ని గట్టిగా అణిచిన మందుల్లో కనీసం 75 శాతం ఇంకొన్ని రకాల్ని తాకనే లేదు. సీసా మీద పేరు ఒకటే! పరిశోధన పత్రంలో ఎంసీఎఫ్-7 అని రాసి వదిలేస్తే సగం సమాచారమే ఇచ్చినట్టు.

మోతాదుది ఇంకో గొడవ. కనెక్టివిటీ మ్యాప్ తొలి రోజుల్లో చాలా మందుల్ని 10 మైక్రోమోలార్ అనే గాఢత దగ్గర, 6 గంటలు పెట్టి చూశారు. కొన్ని మందులకి మనిషి రక్తంలో అంత ఎప్పటికీ చేరదు, కొన్నిటికి అది చాలదు. మోతాదు మరీ ఎక్కువైతే కణం చావుకి దగ్గరై, ఏ మందు పోసినా ఒకటే కేకలు పెడుతుంది. కణం కష్టంలో ఉన్నప్పుడు లేచే హీట్ షాక్ జన్యువులు, ఏటీఎఫ్3, డీడీఐటీ3 లాంటివి లేచి కూర్చుంటాయి. ఆ కేకల్ని ప్రత్యేకమైన సందేశమని రాసిన పత్రాలు కోకొల్లలు.

లుకేమియా వెతుకులాట ఏమైందో చెప్పలేదు. అదే దారిలో గెఫిటినిబ్ అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు ఆ కణాల్ని ముదిరిస్తోందని 2005లో తేలింది. గెఫిటినిబ్ ఆపాల్సిన ఈజీఎఫ్‌ఆర్ ప్రోటీనే ఆ కణాల్లో లేదు, మరి ఇంకేదో మీట నొక్కుతోందన్నమాట. ఆశతో రోగుల మీద ట్రయల్ చేశారు. 2014లో ఫలితం వచ్చింది, గుణం కనపడలేదు. టోపిరామేట్ కథా అదే తీరు. మూర్ఛకి, మైగ్రేన్‌కి వాడే ఆ మందు పేగు వాపు రోగం నమూనాని తిరగేస్తోందని 2011లో కంప్యూటర్ చెప్పింది, ఎలుకల్లో నిజమైంది కూడా. ఇప్పటికే వేరే కారణానికి టోపిరామేట్ వాడుతున్న పేగు రోగుల రికార్డుల్ని 2014లో తీసి చూస్తే రోగం తిరగబెట్టడంలో తేడా లేదు. పట్టీ తిరగబడినంత మాత్రాన రోగం తిరగబడదు. ఆ పట్టీలో కొన్ని జన్యువులు రోగానికి కారణాలు, కొన్ని రోగం వల్ల అలసిపోయిన ఆనవాళ్లు, ఇంకొన్ని రోగంతో పోరాడుతున్నవి. పోరాడేవాటినీ వెనక్కి తిప్పేస్తే?

కొన్నిసార్లు కణం కాదు, కొలబద్దే మోసం చేస్తుంది. జన్యువు లేచిందో లేదో తొందరగా చూడటానికి మిణుగురు పురుగు లూసిఫరేజ్‌ని జన్యువుకి తగిలిస్తారు, జన్యువు పనిచేస్తే గుంట వెలుగుతుంది. జన్యువులో అర్ధాంతరంగా వచ్చే ఆగు గుర్తుని దాటించే మందుగా అటలూరెన్‌ని 2007లో ఇలాంటి వెలుగు చూసే ముందుకి తెచ్చారు. ఆ మందు నేరుగా లూసిఫరేజ్‌కే అతుక్కుని, అది కరిగిపోకుండా కాపాడుతుందని 2009లో ఇంకో బృందం చూపించింది. అంటే జన్యువు ఏమీ చెయ్యకపోయినా వెలుగు పెరుగుతుంది. మందు నిజంగా పనిచేస్తుందా అన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది. డుషెన్ కండర క్షీణతకి 2014లో యూరప్ షరతులతో ఇచ్చిన అనుమతిని 2025లో పునరుద్ధరించలేదు. ఆ పదేళ్లూ ఆశ పెట్టుకున్న పిల్లల తల్లిదండ్రుల్ని తలుచుకుంటే, పరీక్ష దశలో పట్టుకోవాల్సిన తప్పు ఎంత దూరం వెళ్తుందో తెలుస్తుంది.

పసుపు మీద రెండు ముక్కలు చెప్పకపోతే మా వీధిలో ఊరుకోరు. కర్క్యుమిన్ ఏ పరీక్షలో వేసినా పాసవుతుంది. దానంతట అది వెలుగుతుంది, కనపడ్డ ప్రోటీన్‌కల్లా అంటుకుంటుంది, కణాలు పెంచే ద్రవంలో చూస్తుండగానే విరిగిపోతుంది. 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగాక, రోగికీ డాక్టరుకీ తెలియకుండా ఉత్తుత్తి మాత్రతో పోల్చిన పరీక్షల్లో ఏ ఒక్కటీ గెలవలేదని 2017లో ఒక సమీక్ష తేల్చింది. చారులో వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వేసుకోండి.

మా ప్రాంతంలో లైఫ్ సైన్సెస్ చదివే పిల్లలకి కొదవ లేదు. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది, పద్మావతి మహిళా యూనివర్సిటీ 1983 నుంచి, ఏర్పేడు దగ్గర క్యాంపస్ ఉన్న ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ 2015 నుంచి. మన దేశంలో ఎక్కడ చూసినా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఒక పాత బాట ఉంది: ఏదో ఆకు తెచ్చి, సారం తీసి, కణాల మీద పోసి, ఎన్ని చచ్చాయో లెక్కపెట్టి, నాలుగు జన్యువులు కొలిచి, క్యాన్సర్‌కి పనిచేస్తుందని ముగించడం. సారంలో వందల పదార్థాలుంటాయి, ఏది పనిచేసిందో తెలియదు. నాలుగు జన్యువుల్ని పోల్చే కొలమానంగా స్థిరంగా ఉంటుందనుకునే జీఏపీడీహెచ్ జన్యువుని తీసుకుంటారు. ఆక్సిజన్ తక్కువైన కణంలో అది కూడా మారుతుంది. కొలబద్దే సాగితే గుడ్డ ఎంతని చెప్తాం? 20,000 జన్యువులూ కొలిచినా ఇంకో చిక్కు ఉంది. ఒక్కోదానికి 5 శాతం పొరపాటు ఒప్పుకుంటే, మందు ఏమీ చెయ్యకపోయినా 1,000 జన్యువులు మారినట్టు కనపడతాయి. ఈ పొరపాటుని లెక్కలో సవరించకుండా తమకి నచ్చిన పదింటిని ఏరుకుంటే ఏ కథైనా అల్లొచ్చు.

పలకలు, ఇంక్యుబేటర్లు కొనే డబ్బు లేని కాలేజీలో కూడా ఈ పని చెయ్యొచ్చు, అదే దీనిలో నాకు నచ్చేది. 2017లో ప్రకటించిన ఆ ఎల్1000 లెక్కలన్నీ జీఈఓ అనే ఉచిత భాండాగారంలో జీఎస్‌ఈ92742 పేరుతో ఎవరైనా దించుకోవచ్చు. 2025లో 50 క్యాన్సర్ సెల్ లైన్ల మీద మందులు పోసి, 10 కోట్ల కణాల్ని ఒక్కొక్కటిగా కొలిచిన టాహో-100ఎం కూడా బయటపెట్టారు. ఒక మామూలు ల్యాప్‌టాప్, ఆర్ గానీ పైథాన్ గానీ, ఏదో ఒక కంప్యూటర్ భాష వస్తే ఎల్1000లో కొంత భాగంతో మొదలుపెట్టొచ్చు. విథాఫెరిన్ ఎ నమూనా ఏ మందుల పక్కన పడుతుంది, అది నిజంగా మీట వల్లా లేక కణం చావుకేకల వల్లా, ఒక సెల్ లైన్‌లో వచ్చింది ఇంకోదాంట్లో వస్తుందా? ఇది మంచి ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ఆకు నూరే పని లేదు.

మొదలుపెట్టేవాళ్లకి ఒక సలహా. తెలియని మందుతో మొదలుపెట్టకండి. ముందు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ తీసుకోండి, ఎ549 ఊపిరితిత్తుల కణాల్లో దాని నమూనా తీయండి. టీఎస్‌సీ22డీ3, ఎఫ్‌కేబీపీ5 జన్యువులు పైకి రావాలి. పక్కన బీటామెథాసోన్, బుడెసొనైడ్ లాంటి దాని చుట్టాలే కనపడాలి. అలా రాకపోతే మీ కోడ్‌లో ఎక్కడో తప్పుంది, ముందు అది వెతకండి.